గుడ్డ కప్పిన ట్యాంకర్

“ఎర్రనీళ్లు వచ్చిన నిమిషంలో మీరు మొట్టమొదట ఏం చేసినారు?”

కనపడిన ప్రతి ఒక్కరినీ ఈ ఒక్క ప్రశ్నే అడగాలని ఫ్యాక్టరీ గేటు దాటకముందే అనుకున్నాను. ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు, తాళం ఎవరి దగ్గరుంది లాంటివన్నీ నాకంటే ముందే హనుమేష్ అడిగేసి ఉంటాడు. హనుమేష్ ఆ ఫ్యాక్టరీలో విజిలెన్స్ ఆఫీసరు. ప్రశ్నలు బాగానే అడుగుతాడు గానీ జవాబులు కూడా ఆయనే చెప్పేస్తాడు.

నా పేరు ఇంద్రసేన. బళ్లారిలో ప్రైవేట్ డిటెక్టివ్‌ని. పెళ్లికొడుకుల గురించి వాకబు చేయడం, లారీల్లోంచి డీజిల్ ఎవడు తీస్తున్నాడో కనిపెట్టడం నా రోజువారీ తిండి. ఈ కేసు మాత్రం పొద్దున పదిగంటలకు బస్సు దిగి, చెప్పులు బయట విడిచి, నా ఆఫీసులోకి నడిచొచ్చింది. పేరు కెంచమ్మ. కూరెకుప్ప పక్కన మారెమ్మకొట్టాల ఆమె ఊరు.

“పొద్దున ట్యాంకర్ నీళ్లు ఎర్రగా వచ్చినాయప్పా. నేను చూడకుండా నోట్లో పోసుకోని ఉమ్మేసినా. ఊరంతా ఆ మేఘన పాప మింద పడుతాంది. ఎర్రనీళ్లు నోట్లో పోసుకున్నది నేను. నాకే కోపం ల్యా, ఈళ్లకేంటికి? ఆ పాప చెయ్యల్యా. చేసిందెవరో నువ్వు చెప్పు.”

దెబ్బ తిన్న మనిషే నిందితురాలి తరఫున వకాల్తా పుచ్చుకుని రావడం నా సర్వీసులో మొదటిసారి. అవ్వను బండెక్కించుకుని బయలుదేరాను.

జరిగింది ఇది. నీలగుట్ట ఇస్పాత్ అనే ఉక్కు కంపెనీ ఏడాదిగా రోజూ పొద్దున్నే మారెమ్మకొట్టాలకు తాగునీటి ట్యాంకర్ పంపుతోంది. ఈ రోజుకు ఏడాది నిండింది. గేటు దగ్గర గంగపూజ చేశారు, ట్యాంకర్‌కు దండ వేశారు, విలేకరులను పిలిచారు. ఏడింటికి కొట్టాలలో కొళాయి తిప్పితే కెమెరాల ముందు ఎర్రనీళ్లు వచ్చాయి. అదీ ఎలాంటి రోజున! సాయంత్రం నాలుగింటికి అక్కడే గ్రామసభ. కంపెనీ కన్వేయర్ బెల్టు ఊరి పొలాల మీదుగా పోవచ్చో లేదో తేల్చేది ఆ సభే. ట్యాంకర్ మూత తాళం మేఘన దగ్గరుంది. పూజకు మూత తెరిచింది ఆమె, మూసి తాళం వేసిందీ ఆమె. సాయంత్రం ఆమెను పోలీసులకు అప్పగిస్తానని హనుమేష్ క్యాంటీన్‌లో అందరి ముందూ చెప్పేశాడు.

ఆమె పనిచేసే గది తలుపు మీద ‘పబ్లిక్ రిలేషన్స్’ అని రాసి ఉంది. పీఆర్ అంటే ఒకటే పని అనుకునేవాణ్ణి. నవ్వడం, పూలగుత్తి ఇవ్వడం, మళ్లీ నవ్వడం. లోపలికి పోయి చూస్తే నాలుగు బల్లలు, నలుగురు మనుషులు, నాలుగు వేరువేరు విద్యలు. కంటి డాక్టరు పన్ను ముట్టుకోనట్టు ఇక్కడ ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టరు.

మొదట పెద్దాయన కోదండరామి. ఈయనది సంక్షోభాల విద్య. కంపెనీ పరువు మీదికి వచ్చినప్పుడు మాత్రమే ఈయనకు పని. కుడి చెంప నున్నగా ఉంది, ఎడమ చెంప నెరిసిన గడ్డంతో ఉంది. ఒళ్లో ఒక గుడ్డసంచి పెట్టుకుని దాన్ని చంటిబిడ్డలా పట్టుకున్నాడు.

“శుభకార్యాలకి నన్నెవరూ పిలవరు సార్. ఫోనొచ్చినప్పుడు ఇంట్లో గడ్డం గీసుకుంటాండా. సగంలో లేచి వచ్చినా. మొదట చేసిన పని, అందరి ఫోన్లూ ఈ సంచిలో యేసినా. కష్టం వచ్చినప్పుడు కంపెనీకి నోరు ఒగటే ఉండాల. నలుగురు మాట్లాడితే నాలుగు కతలు పుడతాయి.”

“ట్యాంకర్ చూసినారా?”

“చూసి సంతోషపడినా! కంపెనీ లోగో మింద ఎవరో గుడ్డ కట్టిండారు. నా క్లాసులో మొదటి పాఠం అదే సార్. పరువు పోయేచోట లోగో ఫోటోలో పడకూడదు. ఈ ముగ్గురిలో ఒకరన్నా నా పాఠం విన్నారే అనుకున్యా.”

తర్వాత యశస్విని. ఈమెది లోపలి మాట. కంపెనీ సంగతులు ఉద్యోగులకు ముందుగా, సరిగా చేరవేయడం ఆమె పని. చురుకైన అమ్మాయి, మాటకు మాట సిద్ధంగా ఉంటుంది.

“నేనా? మూడువేల మందికి మెసేజ్ పెట్టినా సార్. ఫ్యాక్టరీ సంగతి పనోళ్లకి టీ అంగడిలో తెలియకూడదు, మా దగ్గర్నుంచి తెలియాల. కానీ ఏం లాభం? మగోళ్లు నా మెసేజ్ తెరవనే తెరవరు. అదే గ్రూపుల్లో వాళ్ల ఇండ్లోళ్లు ఉండారు కదా, వాళ్లు చదివి ఫోన్ చేసి చెప్తారు. మూడేండ్లుగా చూస్తాండా, ఒగసారి కూడా పెండ్లాలకంటే ముందు నా మాట చేరల్యా.”

“ఈయన మాత్రం చదువుతాడు సార్,” అంటూ పక్క బల్ల వైపు చూపించింది. “కేశవ సార్. మా ఎండీ కూతురు పెండ్లిలో లోగో కనపడల్యా అని పెండ్లికూతురి మేనమామని జబ్బ పట్టుకోని పక్కకి జరిపినాడు. తాళి కట్టే టయానికి!”

కేశవ నవ్వలేదు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, మెడలో కళ్లద్దాల తాడు. ఈయన విద్య పత్రికలతో. జిల్లాలో ఏ విలేకరి పిల్లాడు ఏ క్లాసు చదువుతున్నాడో ఈయనకు తెలుసు. మంచి వార్త మొదటి పేజీకి ఎక్కించడం, చెడ్డ వార్తను లోపలి పేజీలకు దించడం ఇరవై ఏళ్లుగా చేస్తున్నాడు.

“కెమెరాలు లెక్కపెట్టినా సార్,” అన్నాడు నెమ్మదిగా. “ఎవరెవరు ఫోటో తీసినారో చూసి, ఒక్కొక్కరినే పక్కకి పిలిచి బతిమాలినా. అదే నా పని.”

చివర మేఘన. సండూరు పిల్ల. ఊళ్లతో మాట్లాడేది ఈమె. ఏ ఇంట్లో కాన్పు, ఏ ఇంట్లో కయ్యం, ఎవరి కోడలు అలిగిపోయింది అన్నీ ఆమెకు తెలుసు. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది గానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

“అవ్వ నోట్లో వేలుపెట్టి ఉమ్మించినా అన్నా. నా బాటిల్ నీళ్లిచ్చి పుక్కిలించమన్యా. రోజూ మొదటి గ్లాసు నేను తాగి, ఆ తర్వాతనే వాళ్లకి పట్టేది. నేను తాగితేనే వాళ్లకి నమ్మకం. ఈరోజు ఫోటోలని ఆలస్యమాయె, అవ్వకి దాహమై ముందే పట్టేసుకునింది.”

“పూజలో మూత దగ్గరికి ఎవరెవరు ఎక్కినారు?”

“అందరూ ఎక్కి తలా ఒగ పువ్వు వేసినారన్నా. గంగమ్మకి వద్దని ఎవరినంటాం? ఆయమ్మకి పసుపు కుంకుమ నేనే వేసినా. చిటికెడు కుంకుమకి అంత ట్యాంకర్ ఎర్రగయితాదా?”

కాదు. మూత తాళం ఆమె దగ్గరున్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదని ఆ ఒక్క జవాబుతో తేలిపోయింది. మూత తెరిచి ఉన్నప్పుడు ఊరేగింపులా జనం ఎక్కి దిగారు. ఆ మాట హనుమేష్ చెవిన వేద్దామని యార్డులోకి నడిచాను.

ట్యాంకర్ వేపచెట్టు నీడన తడితడిగా నిలబడి ఉంది. డ్రైవర్ కొట్రేశ్ దాని పక్కన మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. నేను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేలోగా హనుమేష్ జీపు వచ్చి ఆగింది. నల్లకళ్లద్దాలు, బెల్టు మీదికి జారిన పొట్ట.

“ఏనప్పా ఇంద్రసేనా, పెండ్లి సంబంధం వాకబుకి వచ్చినావా? ఈ ట్యాంకర్‌కి ఇంకా సంబంధాలు చూడ్డం మొదలుపెట్టల్యా.”

“మరి అప్పుడే మంగళస్నానం చేయించినారే సార్?”

కొట్రేశ్ దగ్గు వచ్చినట్టు నటించాడు. హనుమేష్ అతని వైపు ఒక చూపు విసిరాడు.

“నేనే కడగమన్యా. లోపలా బయటా. ఎర్రబురదతో నిలబెడితే కంపెనీకి మర్యాదనా?”

“ఆనవాళ్లు కడిగేసి మనిషిని పట్టుకున్నారన్న మాట.”

“ఆనవాలు నాకెందుకు? తాళం ఒగటే. ఆ పాప దగ్గరుండాది. తాళం ఎవరి దగ్గరుంటే తప్పు వాళ్లదే.”

“పూజప్పుడు మూత తెరిచే ఉండాది సార్. జాతరలో మాదిరి జనం ఎక్కినారు. ఎవరైనా వేసుండొచ్చు.”

“ఎవరైనా అంటే ఎవరు? పేరు చెప్పు. నాలుగు గంటల లోపల పేరు చెప్తే నీ మాట వింటా. ల్యాకుంటే క్యాంటీన్‌లో పొద్దుటి ఉగ్గాణి మిగిలుంటాది, తినేసి బళ్లారి బస్సెక్కు.”

కోపం వచ్చింది. అయినా ఆ కోపాన్ని పనిలో పెట్టడం నాకు అలవాటు. కొళాయి గొట్టం లోపలికి వేలు పెట్టి తిప్పాను. పైపైన కడిగారు గానీ మలుపులో కొంచెం మిగిలింది. వేలికి మెత్తగా, నున్నగా ఎర్రని పూత అంటుకుంది. ఇనుప ఖనిజమైతే గరగరలాడుతుంది, ఎండలో మెరుస్తుంది. ఇది జాజు. పండగకు ఇంటి గోడల అంచున పూసే ఎర్రమన్ను. ఎవరికీ ఏ హానీ చేయదు. చెడగొట్టాలనుకున్నవాడు యార్డులో గుట్టలుగా పడున్న ఖనిజం వదిలేసి, అంగడికి పోయి జాజు కొనుక్కొస్తాడా?

ఎడమవైపు లోగో మీద ఆ గుడ్డ ఇంకా అలాగే ఉంది. పందిరికి కట్టే పచ్చగుడ్డ, నాలుగు మూలలా తీగతో బిగించి కట్టారు. కుడివైపు లోగో మాత్రం కడిగిన పళ్లెంలా మెరిసిపోతోంది.

“ఇది ఎప్పుడు కట్టినారు కొట్రేశప్పా?”

“గేటు దగ్గరనే అప్పా. పూజ అయినంక అందరం ఉగ్గాణి తిననీకి పోయినాం. వచ్చేసరికి కట్టిండారు. విగ్రహానికి మాదిరి ఆడికి పోయినంక ఎవరో పెద్దోళ్లు తెరుస్తారేమో అనుకున్యా. అడిగితే నన్నే తిడతారని సుమ్నె ఊరుకున్యా.”

“ఒగవైపే ఎందుకు?”

“కెమెరాలు ఉండేది ఆవైపే కదప్పా. యాడ నిలబెట్టాల్నో రాత్రే చెప్పిండారు. ఫోటోకి ఎండ బాగా పడాలంట.”

అంతలో రెండో ట్యాంకర్ హారన్ కొడుతూ గేటు దగ్గరికి వచ్చింది. మేఘన బయటికి వచ్చింది. వెనకే కోదండరామి, సంచితో సహా. హనుమేష్ మీసం దువ్వుకున్నాడు.

“రామి సార్ మంచి దారి చెప్పినాడు. కొత్త ట్యాంకర్ తీస్కపోతాం. గ్రామసభలో ఊరి ముందర ఈ పాప మొదటి గ్లాసు తాగి, పొద్దున తప్పయిపోయిందని చెప్తాది. చెప్తే పోలీసుల మాటే ల్యా. చెప్పకుంటే ఉండనే ఉండాది. కొట్రేశా, బండెక్కు!”

“చెయ్యని తప్పు ఒప్పుకుంటావా పాపా?” అన్నాను.

“నా పేరు పోతే పోనీ అన్నా,” అంది మేఘన కళ్లు తుడుచుకుంటూ. “ట్యాంకర్ నిలిచిపోతే వాళ్లు మళ్లా ఆ ఉప్పుబావి నీళ్లే తాగాల. నీళ్లు మంచివని చూపిస్తే చాలు.”

కెంచమ్మవ్వ నా మీద ఒక చూపు విసిరి, మేఘన వెనకే జీపెక్కింది. నువ్వేం చేస్తున్నావురా అన్నట్టున్న ఆ చూపును తప్పించుకున్నాను. నాకు నిజంగా సిగ్గేసింది.

క్యాంటీన్‌కు పోయాను. ఉగ్గాణి నిజంగానే మిగిలింది. హనుమేష్ మాటలో నిజం అదొక్కటే. తింటూ, కొట్టాలలో విలేకరులు తీసి పొద్దున్నే జిల్లా అంతా తిప్పిన వీడియో ఫోన్‌లో మరోసారి పెట్టాను. ఇంతవరకు అందరిలాగే ఎర్రనీళ్ల ముక్కే చూశాను. ఈసారి మొదటి నుంచి చూశాను.

ట్యాంకర్ వచ్చి ఆగింది. కేశవ జనాన్ని సర్దుతున్నాడు. బిందెలు వరసగా పెట్టించాడు. దండ పక్కకు జరిగితే సరిచేశాడు. ఒకాయన కండువా మడత కూడా సరిచేశాడు. ఆయన వీపుకు జానెడు దూరంలో పచ్చగుడ్డ రెపరెపలాడుతోంది. ఆయన ఒక్కసారి కూడా దాని వైపు తిరగలేదు.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను పరుగెత్తాను.

పీఆర్ గదిలో ముగ్గురూ ఉన్నారు. తలుపు మూసి, సరాసరి కేశవ బల్ల ముందు నిలబడ్డాను.

“సార్, పెండ్లికూతురి మేనమామని జరిపిన మనిషి ఈ గుడ్డని ఎందుకు జరపల్యా?”

ఆయన మెడలోని కళ్లద్దాల తాడు సవరించుకున్నాడు.

“పొద్దున ఫంక్షనంతా పెట్టిందే లోగో పేపర్లో పడాలని. ఎండ యాడ పడాల్నో రాత్రే చూసి పెట్టినారు. తీరా బండి వస్తే లోగో గుడ్డ కింద ఉండాది. అప్పటికి నీళ్లు ఎర్రగా ఉండాయని ఎవరికీ తెల్దు. మీరు కేకలు పెట్టాల, డ్రైవర్ని తిట్టాల, గుడ్డ పీకి పారెయ్యాల. కండువా మడత సరిచేసినారు గానీ దాన్ని ముట్టుకోల్యా. ఎందుకంటే రాబోయే ఫోటో ఎట్లాంటిదో మీ ఒగరికే తెలుసు.”

యశస్విని లేచి నిలబడింది. “మీరా సార్?”

కేశవ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. దాచుకున్న బరువు దించుకున్న మనిషిలా ఊపిరి వదిలాడు.

“నేనే. జాజు మూటగట్టి పువ్వుతో పాటు లోపల యేసినా. గుడ్డ కట్టింది కూడా నేనే.”

“ఎందుకు?”

“ఆ నీళ్లు ఎవరూ తాగకూడదని!”

ఆయన గబగబా చెప్పుకుపోయాడు. “నిన్న రాత్రి మా ల్యాబ్ ఆయన చెప్పినాడు. కూలింగ్ టవర్లో కలిపే మందు నీళ్ల పైపు, రిపేర్ చేసేటప్పుడు పొరపాటున బోరు ట్యాంకుకి తగిలించినారంట. రంగు ల్యా, వాసన ల్యా. తాగితే పేగులు కాలతాయి. నేను వెంటనే హనుమేష్ సార్‌కి ఫోన్ చేసినా. గ్రామసభ అయిపోనీ, అంతవరకు నోరు మూసుకో అన్నాడు. పొద్దున్నే తాగుతారు కదా సార్ అంటే, ఒగ దినానికి ఎవరూ సావరులే అన్నాడు.”

“మేఘనతో ఒగ మాట చెప్పకూడదా?”

“చెప్తే ఆ పాప ఆ నిమిషమే ఊర్లో చెప్తాది. ఆధారం యాడుండాది? పాపని అబద్ధాలకోరు అని తరిమేస్తారు. ఇరవై ఏండ్లు పేపరోళ్లతో తిరిగినా సార్, నాకు తెలిసింది ఒగటే. రంగు లేని విషం ఫోటోలో పడదు. పడేటట్టు చేసినా. ఎర్రగా చూస్తే ఎవరూ తాగరు, పేపర్లో వస్తాది, ప్రభుత్వమోళ్లు వచ్చి నీళ్లు పరీక్ష చేస్తారు, అసలు సంగతి బయటపడతాది అనుకున్యా. ఈళ్లేమో కడిగేసి పాపని పట్టుకున్యారు. పొద్దుట్నుంచి చెప్దామనే ఉండా, భయం సార్, భయం.”

“ఇంత చేసినోళ్లు లోగోకి గుడ్డెందుకు కట్టినారు?”

ఆయన చిన్నపిల్లాడిలా తల దించుకున్నాడు. “చెయ్యి ఊరుకోల్యా సార్. ఎంతైనా మన కంపెనీ కదా.”

ఆయన్ని కొట్టాలో, కౌగిలించుకోవాలో నాకు తెలియలేదు. రెంటికీ తీరిక లేకుండా యశస్విని అరిచింది.

“సార్! రెండో ట్యాంకర్ కూడా ఆ బోరు దగ్గరే నింపినారు!”

గడియారం నాలుగుకు దగ్గరపడింది. మొదటి గ్లాసు మేఘనది.

“ఆ పాపకి ఫోన్ చెయ్యండి!”

“ఆ ఫోన్ నా సంచిలోనే ఉండాది,” అన్నాడు కోదండరామి నిదానంగా. నా ఫోన్ నుంచి హనుమేష్‌కు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. కొట్రేశ్ నంబరు ఎవరి నోటికీ రాదు, ఫోన్లన్నీ ఆ సంచిలో కలిసిపోయి ఉన్నాయి. యశస్విని అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుని డ్రైవర్ల గ్రూపులో టైపు చేస్తోంది.

“డ్రైవర్లు చదవరంటివి కదమ్మా?”

“వాళ్లకి కాదు సార్. పెండ్లాలకి. బేగ పోండి మీరు!”

కేశవ కారు తీశాడు. నేను ముందు కూర్చున్నాను. నేనూ వస్తానంటూ కోదండరామి సంచితో వెనక ఎక్కాడు. దారిలో ఖనిజం లారీలు వరసకట్టి నిలబడ్డాయి. జీవితంలో ఎవరినీ నొప్పించని కేశవ ఆ రోజు రాంగ్ సైడులో పోతూ లారీడ్రైవర్లను తిట్టిన తిట్లు నేను బళ్లారి మార్కెట్లో కూడా వినలేదు. వెనక నుంచి కోదండరామి ఒకటే మాట అంటున్నాడు. “నిదానం కేశవా. ఏం జరిగినా ఫర్వాల్యా, మాట బయటికి పోకూడదు.” పాపం, వృత్తి అలవాటు అనుకున్నాను.

కొట్టాలలో పందిరి కింద ఊరు ఊరంతా ఉంది. ట్యాంకర్ వెనక కొట్రేశ్ కొళాయిని రెండు చేతులా కావలించుకుని, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని అరుస్తున్నాడు.

“తిప్పల్యా మహాదేవీ! తిప్పల్యా అంటాండా కదా! నీ మింద ఒట్టే, పట్టుకోనే కూసున్యా!”

ఆ మహాదేవి ఎవరో గానీ నాకు చేయెత్తి మొక్కాలనిపించింది. అయితే ఆమె ఫోన్ వచ్చేలోపే హనుమేష్ ఒక గ్లాసు నింపించుకుని పోయాడు. మైకు ముందు మేఘన నిలబడి ఉంది. చేతిలో స్టీలు గ్లాసు. “ఎప్పటి మాదిరే మొదట నేను తాగుతా,” అంటూ పెదవుల దగ్గరికి ఎత్తింది.

ఎవరెవరి కాళ్లు తొక్కానో తెలియదు. ఆమె మణికట్టు పట్టుకుని గ్లాసు లాక్కున్నాను. సగం నీళ్లు నా చొక్కా మీద పడ్డాయి.

“ఏయ్!” హనుమేష్ నా మీదికి వచ్చాడు. “ఏం నాటకమిది?”

“పేరు చెప్పమన్నారు కదా సార్, చెప్తా. దానికి ముందు ఒగ పని. ఏడాదిగా ఈ పాపే తాగింది. ఈరోజు ఊరి ముందర మీరు తాగండి.”

గ్లాసు ఆయన చేతిలో పెట్టాను. నవ్వుతూనే తీసుకున్నాడు. ఊరంతా చూస్తోంది. విలేకరులు ఫోన్లు పైకెత్తారు. గ్లాసు గడ్డం దాకా పోయింది. అక్కడ ఆగింది. నల్లకళ్లద్దాల కిందినుంచి చెమట కారి గ్లాసు అంచు మీద పడింది. ఆయన గ్లాసు దించేశాడు.

“నాకి దాహం ల్యా.”

“ఈ ఎండలో దాహం లేదంట, విన్నారా!” అంది కెంచమ్మవ్వ. ఎవరో నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. సంగతి ఒక్కొక్కరికే అర్థమవుతూ వచ్చింది. మేఘన ఆ గ్లాసు వైపు, నా వైపు చూసింది.

“అన్నా, నేను తాగేసేదాన్ని కదా,” అంది. కెంచమ్మవ్వ ఆమెను దగ్గరికి లాక్కుంది. అక్కడే నిలబడి కేశవ జాజు సంగతి, పైపు సంగతి మొత్తం చెప్పేశాడు. తాను చేసింది కూడా దాచుకోలేదు.

హనుమేష్ నా చెవి దగ్గరికి వంగాడు. మాటలో పొద్దుటి పొగరు లేదు.

“నన్నొగన్నే పట్టుకుంటే ఎట్లప్పా? రాత్రి కేశవ నాకి ఫోన్ చేసినంక నేను ఎవరికి ఫోన్ చేసినా అనుకుంటాండావు? సభ అయ్యేదాకా దాచమన్నది, అందరి ఫోన్లు గుంజుకున్నది, పాపతోనే తాగిస్తే ఊరు నమ్ముతాదని చెప్పింది ఎవరు? ఆయన్ని నువ్వే కార్లో తెచ్చుకున్యావు.”

వెనక్కి తిరిగాను. కోదండరామి అప్పటికే జనంలోంచి దారి చేసుకుంటూ మైకు దగ్గరికి చేరాడు. సంచి భుజానికి తగిలించుకున్నాడు. మొహంలో కంగారు లేదు, కోపం లేదు. పరామర్శకు వచ్చిన పెద్దమనిషిలా ఉన్నాడు. దారి పొడుగునా నా వీపు వెనక కూర్చున్నది ఈ మనిషే. ఆయన మైకు మీద రెండుసార్లు వేలితో కొట్టాడు.

“పెద్దలకి నమస్కారం. కంగారు పడద్దండి. ఎవరూ ఏం మాట్లాడద్దండి. ఇట్లాంటి టయంలో ఒగరే మాట్లాడాల. కంపెనీ తరఫున, ఊరి తరఫున, నేను మాట్లాడతా.”

“మా ఊరి తరఫున మాట్లాడనీకి నువ్వెవరప్పా?”

అడిగింది కెంచమ్మవ్వ. ఆమె అడగడమే ఆలస్యం, పక్కనున్నావిడ అందుకుంది. ఆమె వెనక ఆమె మొగుడు, ఆపైన రెండో వరస, మూడో వరస. కొళాయి వదలకుండానే కొట్రేశ్, ఫోన్లోంచి అతని భార్య, కళ్లు తుడుచుకుంటూ మేఘన, అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. కోదండరామి మైకు పట్టుకుని పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఒక్క ముక్క కూడా ఎవరికీ వినపడలేదు.